ఖరీదైన మందు ముందు వెయ్యాలా, చివర వెయ్యాలా?

మా ఐసీయూ బయట బెంచీల మీద కూర్చునే వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి నుంచి వస్తారు. ఊళ్లో డాక్టరు ఇక మా వల్ల కాదు, చెన్నై తీసుకుపొండి అంటే రాత్రికి రాత్రి అంబులెన్సు మాట్లాడుకుని బయల్దేరతారు. మిగతా చుట్టాలు తెల్లారి రైలెక్కి సెంట్రల్లో దిగుతారు. నేను ఇక్కడ క్లినికల్ ఫార్మసిస్టుని. మాది నెల్లూరు. తమిళం రాని వాళ్లకి మందుల సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా సిస్టర్లు నాకే ఫోన్ చేస్తారు.

అలా వెళ్లినప్పుడు పదేపదే ఎదురయ్యే ప్రశ్న ఇది: “రక్తంలో ఫంగస్ చేరిందంటున్నారు సార్. ఒక ఇంజెక్షన్ రోజుకి వందల్లో అవుతుందంట, ఇంకోటి వేలల్లో అంట. ముందు తక్కువది వేసి చూసి, తగ్గకపోతే అప్పుడు పెద్ద మందు వేయకూడదా?”

చాలా సహజమైన ప్రశ్న. జ్వరమొస్తే ముందు ఒక పారాసెటమాల్, తగ్గకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ, అప్పటికీ తగ్గకపోతే టౌన్లో పెద్ద డాక్టరు. మన ఇళ్లలో వైద్యం ఈ వరసలోనే నడుస్తుంది. చాలా జబ్బులకి అది సరిపోతుంది కూడా. కానీ రక్తంలో కాండిడా అనే ఫంగస్ చేరినప్పుడు ఈ వరస తిరగబడాలి. ఖరీదైన మందు (ఎకైనోకాండిన్ అనే రకం) మొదటి ఐదారు రోజుల్లో పడాలి, చవక మందు (ఫ్లుకొనజోల్) ఆ తర్వాత రావాలి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఏ పేషెంటుకి ఏది వెయ్యాలో నిర్ణయించేది అక్కడ చూస్తున్న డాక్టరే. అయితే ఆ నిర్ణయంలోకి డబ్బు వచ్చినప్పుడు సంతకం పెట్టేది ఇంటివాళ్లు. దేనికి సంతకం పెడుతున్నారో వాళ్లకి తెలియాలి కదా.

కాండిడా ఎక్కడో బయట పుట్టిన పురుగు కాదు. మన పేగుల్లో, నోట్లో, చర్మం మీద ఎప్పుడూ ఉండే ఈస్టు. చంటిపిల్లల నాలుక మీద తెల్లగా పేరుకునే పూత దీని పనే. ఒంట్లో ఉండే బ్యాక్టీరియా దీన్ని మరీ పెరగనివ్వకుండా అదుపులో పెడుతుంది. ఐసీయూలో పెద్ద పెద్ద యాంటీబయాటిక్స్ రోజుల తరబడి ఎక్కేసరికి ఆ బ్యాక్టీరియా పోతుంది. ఫంగస్‌ని మాత్రం యాంటీబయాటిక్ ఏమీ చెయ్యదు. ఇక దానికి అడ్డు లేదు. పొట్ట ఆపరేషన్ అయిన చోటు నుంచో, మెడలో పెద్ద నరంలోకి వేసిన సెంట్రల్ లైన్ అనే గొట్టం మీదుగానో రక్తంలోకి దిగుతుంది. అక్కణ్నుంచి కంటికి, కిడ్నీకి, గుండె కవాటాలకి, ఎక్కడికైనా పోగలదు.

మన దేశంలో 27 ఐసీయూలు కలిసి 2011, 2012 సంవత్సరాల్లో చేసిన పెద్ద అధ్యయనం ఒకటుంది. 1,400 కేసులు చూశారు. ఐసీయూలో చేరిన ప్రతి వెయ్యి మందిలో ఆరుగురికి పైగా ఈ జబ్బు వచ్చింది. నెల తిరిగేసరికి నూటికి దాదాపు 45 మంది పోయారు. వాళ్లందరి ప్రాణాలూ ఫంగస్సే తీసిందని కాదు, అసలు జబ్బులే పెద్దవి. జబ్బు వచ్చిన ప్రతి వంద మందిలో ఫంగస్ వల్లనే పోయింది 20 మంది దాకా ఉంటారని లెక్కగట్టారు. అందులో నాకు బాగా గుర్తుండిపోయింది ఇంకో అంకె. సగం మందికి ఐసీయూలో చేరిన ఎనిమిది రోజుల్లోపే ఇది బయటపడింది. ఆపరేషన్ బాగా అయింది, ఇవాళో రేపో రూముకి మారుస్తారు అని ఇంటివాళ్లు కుదుటపడే సమయం అది.

మా మామకి సరిగ్గా అలాగే అయింది. అమ్మకి తమ్ముడు, నెల్లూరు దగ్గర పల్లెలో వ్యవసాయం. పేగుకి చిల్లు పడితే చెన్నైలోనే ఇంకో ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. తొమ్మిదో రోజు రాత్రి అత్త ఫోన్ చేసింది. “అబ్బయ్యా, తగ్గిందనుకున్న జ్వరం మళ్లా వచ్చింది. వణికిపోతా ఉండాడు మీ మామ.” మర్నాడు బ్లడ్ కల్చర్ తీశారు, అంటే రక్తంలో ఏ క్రిమైనా పెరుగుతుందేమో చూసే పరీక్ష. అందులో ఏదైనా పెరగాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. పెరిగిందాని పేరు తెలియడానికి ఇంకో రోజు, ఏ మందుకి లొంగుతుందో తెలియడానికి మరో రోజో రెండు రోజులో. మూడో రోజు ల్యాబ్ నుంచి ‘ఈస్ట్’ అన్న ఒక్క మాట వచ్చింది. ఫ్లుకొనజోల్ మొదలుపెట్టారు.

నేను వెళ్లేసరికి ఫైల్లో అత్త సంతకంతో ఒక కాగితం ఉంది. రెండు రకాల మందుల గురించీ వివరించామనీ, ఇంటివాళ్లు ఫ్లుకొనజోల్‌కి ఒప్పుకున్నారనీ అందులో రాసుంది. అత్తని అడిగాను. “రెండూ ఫంగస్ మందులేనమ్మా, ఇదైతే బిల్లు తక్కువవుద్ది అన్నారు. సరే అన్నా. తప్పు చేశానా అబ్బయ్యా?” అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తప్పు ఆమెది ఎలా అవుతుంది? రెండింటి మధ్య తేడా ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి క్యాంటీన్‌లో కూర్చోబెట్టి ఆమెకి చెప్పిందే ఇక్కడ ఇంకాస్త విడమరిచి రాస్తున్నాను.

అన్నిటికన్నా పాత మందు ఆంఫోటెరిసిన్. 1950లలో, వెనిజులాలో ఒరినోకో నది దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు. ఫంగస్ కణం పైపొరలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఈ మందు దాన్ని పట్టుకుని పొరకి తూట్లు పొడుస్తుంది, కణం చస్తుంది. దాదాపు అన్ని కాండిడాల మీదా పనిచేస్తుంది. చిక్కేమిటంటే, ఎర్గోస్టెరాల్‌కి దగ్గరి చుట్టమైన కొలెస్టరాల్ మన కణాల్లోనూ ఉంది. అందుకే కిడ్నీలు దెబ్బతింటాయి, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత రకం ఆంఫోటెరిసిన్ ఎక్కుతుంటే మంచం అదిరేలా పేషెంట్లు వణకడం చూశాను. రెండు దుప్పట్లు కప్పినా ఆగేది కాదు. తర్వాత వచ్చిన లైపోజోమల్ రకంలో మందుని కొవ్వు బుడగల్లో పొదిగి పెట్టారు. వణుకూ తక్కువే, కిడ్నీల మీద దెబ్బా తక్కువే. ఖర్చు మాత్రం పెరుగుతుంది. కిలోకి 3 మిల్లీగ్రాముల చొప్పున 60 కిలోల మనిషికి రోజుకి 180 మిల్లీగ్రాములు కావాలి. అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ (చిన్న మందు సీసాలు) రోజుకి నాలుగు.

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు మన వాళ్లు ఊరూరా వెతికింది ఈ వయల్స్ కోసమే. ఆ జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ దీని మీద పన్ను పూర్తిగా ఎత్తేసింది కూడా. ఆ రోజుల ప్రభావం ఇంకా పోలేదు. “ఫంగస్ అంటే ఆ కన్ను తీసేసే జబ్బేనా సార్?” అని ఇప్పటికీ అడుగుతారు. అది వేరే జాతి. నేను ఇక్కడ ముందు వెయ్యాలంటున్న ఎకైనోకాండిన్ ఆ బ్లాక్ ఫంగస్ మీద పనే చెయ్యదు. కాబట్టి ఒకరికి పడిన మందు ఇంకొకరికి ఎందుకు వెయ్యలేదని పోల్చుకోవద్దు.

ఫ్లుకొనజోల్ అమెరికాలో 1990లో అనుమతి పొందింది. ఎర్గోస్టెరాల్ తయారవకుండా అడ్డుకుంటుంది. కాండిడాని చంపడం కన్నా పెరగకుండా నిలబెట్టడం దీని తీరు. నిజంగా మంచి మందు, దాన్ని నేను చిన్నచూపు చూడను. 1994లో 206 మంది పేషెంట్ల మీద ఆంఫోటెరిసిన్‌తో పోల్చి చూశారు. ఆంఫోటెరిసిన్‌తో నూటికి 79 మందికి నయమైతే ఫ్లుకొనజోల్‌తో 70 మందికి నయమైంది. గణితం ప్రకారం అది తేడా కింద లెక్కకి రాలేదు. కిడ్నీల మీద దెబ్బ మాత్రం బాగా తగ్గింది. మాత్రగా మింగినా నరంలోకి ఎక్కించినంత దాదాపుగా ఒంటికి పడుతుంది. చవక. పదేళ్లు ప్రపంచమంతా దాన్నే వాడిందంటే కారణం ఉంది.

మూడో రకం ఎకైనోకాండిన్లు. కాస్పోఫంజిన్, మైకాఫంజిన్, అనిడ్యులాఫంజిన్ ఈ కుటుంబమే. మొదట వచ్చింది కాస్పోఫంజిన్, 2001లో. అదీ ఒక నది ఒడ్డుదే, స్పెయిన్‌లో లొజోయా నది లోయలో దొరికిన ఫంగస్ నుంచి వచ్చింది. ఒక ఫంగస్ ఇంకో ఫంగస్‌ని చంపడానికి దాచుకున్న ఆయుధం మన చేతికొచ్చిందన్నమాట. కాండిడా కణానికి పైపొర బయట ఒక గోడ ఉంటుంది. ఆ గోడ కట్టుకునే పనిని ఈ మందు ఆపేస్తుంది. గోడ లేక కణం పగిలిపోతుంది. మన కణాలకి అసలు గోడే లేదు కాబట్టి మన ఒంటికి పెద్దగా హాని ఉండదు. కిడ్నీ చెడిపోయిన వాళ్లకీ మోతాదు తగ్గించకుండా ఇవ్వొచ్చు.

మా ఫార్మసీ వాళ్లకి సంబంధించిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. కాస్పోఫంజిన్‌ని డెక్స్‌ట్రోజ్‌లో (చక్కెర నీళ్లలో) కలపకూడదు, నార్మల్ సెలైన్‌లో (ఉప్పు నీళ్లలో) కలపాలి. పాత ఆంఫోటెరిసిన్‌కి తిరగేసి, డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్‌లో వేస్తే విరిగిపోతుంది. ఎంత మంచి మందైనా కలిపే సీసా మారితే వృథా. కొత్తగా చేరిన సిస్టర్లకి నేను మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు అసలు పోలిక. 2002లో కాస్పోఫంజిన్‌ని ఆంఫోటెరిసిన్‌తో పోల్చారు. నూటికి 73 మందికి పనిచేసింది, ఆంఫోటెరిసిన్ 62 మందికి. 2007లో అనిడ్యులాఫంజిన్‌ని నేరుగా ఫ్లుకొనజోల్‌తో పోల్చారు. 245 మంది పేషెంట్లు. నరం ద్వారా ఇచ్చిన వైద్యం ముగిసేసరికి అనిడ్యులాఫంజిన్ నూటికి దాదాపు 76 మందికి పనిచేస్తే ఫ్లుకొనజోల్ 60 మందికి పనిచేసింది. మరణాలు అనిడ్యులాఫంజిన్‌తో నూటికి 23, ఫ్లుకొనజోల్‌తో 31. ఈ మరణాల తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పేంత పెద్దది కాదు, ఆ మాట దాచకూడదు. కానీ 2012లో ఏడు ట్రయల్స్‌లోని 1,915 మంది వివరాలు ఒక్కచోట చేర్చి చూసినప్పుడు, ఎకైనోకాండిన్ పడిన వాళ్లలో మరణాలు నూటికి 27, మిగతా మందులు పడిన వాళ్లలో 36. అమెరికా అంటువ్యాధుల సంఘం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మొదటి మందుగా ఎకైనోకాండిన్నే సూచించాయి. పరిస్థితి విషమంగా లేకుండా, ఫ్లుకొనజోల్‌కి లొంగని రకం అయ్యే అవకాశం తక్కువగా ఉన్నవాళ్లకి మొదటే ఫ్లుకొనజోల్ ఇవ్వొచ్చని కూడా అవే చెప్పాయి.

ఇక్కడ కొందరు డాక్టర్లు నాతో వాదిస్తారు. ఆ ట్రయల్స్‌లో ఎక్కువగా ఉన్నది కాండిడా ఆల్బికన్స్ అనే రకం, మన దగ్గర ఎక్కువ కనిపించేది ట్రోపికాలిస్ అనే రకం, అది చాలావరకు ఫ్లుకొనజోల్‌కి లొంగుతుంది, మరి ఇంత ఖర్చు ఎందుకు అని. నిజమే. నేను చెప్పిన ఆ 27 ఐసీయూల అధ్యయనంలో నూటికి 42 ట్రోపికాలిస్సే. కానీ మొదటి రోజున మన చేతిలో ఉన్న కాగితం మీద ‘ఈస్ట్’ అని మాత్రమే ఉంటుంది. అది ట్రోపికాలిస్ అని తెలిశాక ఫ్లుకొనజోల్‌కి మారడం తెలివైన పని. తెలియక ముందే అదే అయ్యుంటుందని అనుకోవడం పందెం. ఆ పందేనికి కాలం ఎంత ఖరీదు కడుతుందో 2006లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. కల్చర్ తీసిన రోజే ఫ్లుకొనజోల్ మొదలైన వాళ్లలో మరణాలు నూటికి 15. ఒక రోజు ఆలస్యమైతే 24. రెండు రోజులకి 37. మూడు రోజులు, ఆపైన 41. లొంగని రకానికి వేసిన మందు కూడా ఆలస్యం కిందే లెక్క. ముందు తక్కువది వేసి చూద్దాం అన్నప్పుడు మనం ఖర్చు పెట్టేది ఈ రోజుల్ని.

మామ రిపోర్టు ఫ్లుకొనజోల్ మొదలైన రెండో రోజు సాయంత్రం వచ్చింది. కాండిడా ఆరిస్ అనే రకం. జపాన్‌లో ఒక వృద్ధురాలి చెవిలో దొరికిందని 2009లో మొదటిసారి వర్ణించారు. లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. కొద్ది కాలానికే మన దేశపు ఐసీయూల్లోనూ బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తొలిసారిగా ప్రమాదకర ఫంగస్‌ల జాబితా వేసినప్పుడు అన్నిటికన్నా పై వర్గంలో పెట్టిన నాలుగింటిలో ఇదొకటి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కలో దీని నమూనాల్లో నూటికి 90 దాకా ఫ్లుకొనజోల్‌కి లొంగవు, 30 దాకా ఆంఫోటెరిసిన్‌కి లొంగవు, ఎకైనోకాండిన్‌కి లొంగనివి 5 లోపే. మంచం కడ్డీల మీద, తెరల మీద వారాల తరబడి బతుకుతుంది. ల్యాబుల్లో పాత యంత్రాలు దీన్ని వేరే కాండిడా పేరుతో చూపించేవి. మాల్డీ-టాఫ్ అనే యంత్రం ఉన్న ల్యాబులు సరిగ్గా పట్టుకుంటాయి.

ఆ రెండు రోజులూ మామకి మందు పడుతోందనే మేమంతా అనుకున్నాం. ఆ ఫంగస్‌కి సంబంధించినంత వరకు ఏ మందూ పడలేదు.

ఆ రాత్రే కాస్పోఫంజిన్‌కి మార్చారు. మొదటి రోజు 70 మిల్లీగ్రాములు, తర్వాత రోజుకి 50. కానీ మెడలో సెంట్రల్ లైన్ అలాగే ఉంది, వేసి రెండు వారాలు. కాండిడా ప్లాస్టిక్ గొట్టం లోపల పాచిలా పొర కట్టుకుని కూర్చుంటుంది. ఆ పొర లోపలికి మందు సరిగ్గా చేరదు, అక్కణ్నుంచి రక్తంలోకి మళ్లీ మళ్లీ రాలుతూ ఉంటుంది. లైన్ మార్చమని అడిగితే వేరే చోట నరం దొరకడం కష్టమన్నారు. నేను మొండికేశాను, అక్కడి వాళ్లకి నా మీద కోపం కూడా వచ్చింది. ఏడు ట్రయల్స్ కలిపి చూసిన ఆ 2012 నాటి లెక్కలోనే లైన్ తీసేసిన వాళ్లలో మరణాలు నూటికి 28, తియ్యని వాళ్లలో 41. మరీ విషమంగా ఉన్నవాళ్లకి లైన్ తియ్యలేకపోయి ఉండొచ్చు, కాబట్టి ఆ తేడా అంతా లైన్‌దే అనలేం. అయినా మందుల మధ్య తేడా కన్నా ఇది చిన్నదేమీ కాదు. పైగా దీనికి వేలు పొయ్యక్కర్లేదు. మర్నాడు మధ్యాహ్నం లైన్ తీశారు. ఆ తర్వాత రెండో కల్చర్‌కి రక్తం శుభ్రమైంది.

ఖర్చు లెక్క కూడా నేరుగా మాట్లాడుకుందాం. రక్తం శుభ్రమైందని తేలిన రోజు నుంచి కనీసం 14 రోజులు వైద్యం జరగాలి. ఈ రోజులన్నీ ఎకైనోకాండినే వెయ్యాలని నేను అనడం లేదు. ఐదు నుంచి ఏడు రోజులు వేసి, పేషెంటు కుదుటపడి, కల్చర్ శుభ్రంగా వచ్చి, ఫంగస్ లొంగే రకమని తేలితే ఫ్లుకొనజోల్‌కి దిగొచ్చు. మాత్రలతో ఇంటికి కూడా పంపొచ్చు. ఇంటివాళ్లు భయపడే ఖర్చు ఆ ఐదారు రోజులదే. తప్పు మందు వల్ల ఐసీయూలో ఇంకో వారం గడపాల్సి వస్తే ఆ బిల్లు ముందు ఈ ఖర్చు చిన్నది. ఆస్పత్రులు కూడా ఇందులో తమ పని చెయ్యాలి. దిగాల్సిన రోజు దిగకుండా మూడు వారాలూ ఖరీదైన మందే నడిపించే చోట్లు ఉన్నాయి. కల్చర్ కూడా తియ్యకుండా జ్వరం వచ్చిన ప్రతి మనిషికీ ఇది మొదలుపెట్టే చోట్లూ ఉన్నాయి. అలా వాడితే ఈ మందుకి కూడా లొంగని కాండిడా పెరుగుతుంది. 2012లో ఈ చెన్నైలోనే డాక్టర్లు చేరి యాంటీబయాటిక్స్ విచ్చలవిడి వాడకానికి వ్యతిరేకంగా చెన్నై డిక్లరేషన్ చేశారు. ఫంగస్ మందుల విషయంలోనూ అంత పట్టుదల రావాలి.

ఎకైనోకాండిన్ చేరని చోట్లున్నాయి. కంట్లోకి, మెదడులోకి, మూత్రంలోకి సరిగ్గా పోదు. మూత్రంలో కాండిడాకి ఫ్లుకొనజోలే మేలు, ఎందుకంటే అది చాలావరకు మూత్రంలోనే బయటికి పోతుంది. కంట్లోకి పోయిందంటే మందు మార్చాలి, అందుకే ఈ జబ్బు వచ్చిన వాళ్లందరికీ కళ్ల డాక్టరు చేత కంటి వెనక భాగం చూపించాలంటారు. గర్భిణులకి, పసికందులకి ఆంఫోటెరిసిన్‌కే మొగ్గు చూపుతారు. వారానికి ఒక్కసారి వేసే రెజాఫంజిన్ అనే కొత్త ఎకైనోకాండిన్‌కి 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని నేనింకా నా చేతులతో కలపలేదు.

కాబట్టి మీ వాళ్లు ఐసీయూలో ఉండి రక్తంలో ఫంగస్ అన్నారంటే, బిల్లు ఎంతని అడగండి, తప్పు లేదు. దాంతోపాటు ఇవి కూడా అడగండి: ఆ ఫంగస్ పేరు తెలిసిందా, ఎప్పుడు తెలుస్తుంది? మొదటి మందుగా ఇదే ఎందుకు? మెడలో లైన్ తీస్తున్నారా, తియ్యలేకపోతే కారణమేంటి? మళ్లీ కల్చర్ ఎప్పుడు? కళ్లు చూపించారా? మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ విసుక్కోడు. తమిళం రాదని, ఇంగ్లీషు రాదని వెనకాడొద్దు. ఇక్కడ ప్రతి పెద్ద ఆస్పత్రిలో తెలుగు వచ్చిన సిస్టరో, వార్డ్‌బాయో ఉంటారు, పిలిపించమనండి.

మామకి ఆరిస్ కాబట్టి మాత్రలకి దిగడం కుదరలేదు, 14 రోజులూ కాస్పోఫంజిన్నే పడింది. అత్త లాడ్జి గోడ మీది క్యాలెండర్లో మందు మొదలైన రోజు నుంచి పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ వచ్చింది. పద్నాలుగో గీత రాగానే సంచి సర్దేసింది. నేను వెళ్లి చెప్పాను, లెక్క అక్కణ్నుంచి కాదత్తా, రక్తం శుభ్రమైన రోజు నుంచి అని. క్యాలెండర్ వైపు కాసేపు చూసింది. సంచిలోంచి రబ్బరు తీసి మొదటి ఐదు గీతలు చెరిపి, “ఇంకా ఐదా?” అంది. ఐదే అన్నాను. సర్దిన సంచి మళ్లీ విప్పింది.